సైకిలుకు తాళం ఒక్కటే చాలదు

బ్రాడీపేట: పల్లెల నుంచి గుంటూరు వచ్చి చదువుకొనే పిల్లలకు సైకిలు కొనిచ్చే తల్లిదండ్రులు, దానితోపాటు ఒక గట్టి గొలుసు, తాళం కూడా కొనివ్వడం మంచిది. వెనుక చక్రానికి ఉండే తాళం చక్రాన్ని తిరగనీయదు, అంతే. సైకిలును ఎత్తి ఆటోలో వేసుకొని పోయేవాడికి అది అడ్డు కాదు.

బ్రాడీపేట లైన్లలో, అడ్డరోడ్లలో సైకిలు నిలిపేవారు గొలుసును ఫ్రేములోంచి, చక్రంలోంచి దూర్చి, కదలని ఇనుప స్తంభానికి బిగించాలి. చక్రం ఒక్కదానికే కడితే చక్రమే మిగులుతుంది. స్తంభం పొట్టిదైతే గొలుసుతో సహా పైకి ఎత్తివేస్తారు. గొలుసు నేలను తాకరాదు. నేలపై ఆనించి సుత్తితో పగులగొట్టడం తేలిక. నలుగురూ తిరిగేచోట, రాత్రివేళ దీపం వెలుగులో నిలపడం మేలు.

పోయాక వెతకడం కష్టం. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన కొత్త చట్టాల ప్రకారం, 5,000 రూపాయలలోపు సొత్తు దొంగతనమైతే మేజిస్ట్రేటు ఉత్తర్వు లేనిదే పోలీసులు దర్యాప్తు చేపట్టరాదు. పాత సైకిళ్లు చాలావరకు ఆ లెక్కలోకే వస్తాయి. అయినా ఫిర్యాదు ఇవ్వడం మానరాదు. దొరికిన సైకిలు తమదేనని చూపడానికి కొన్న రసీదు, ఫ్రేముపై చెక్కిన నంబరే ఆధారం. ఆ నంబరును కొన్ననాడే కాగితంపై రాసి, రసీదుతోపాటు ఇంట్లో దాచుకోవాలి.