సోలాపూర్ దుప్పటి వెనక తెలుగిల్లు

తెలుగునాట సోలాపూర్ దుప్పటి లేని ఇల్లు తక్కువ. పెళ్లికి పెట్టింది ఒకటి, హాస్టల్‌కు వెళ్లే పిల్లాడికి కొన్నది ఒకటి, చుట్టాలొస్తే తీయడానికి బీరువాలో దాచింది ఒకటి. ఎన్ని ఉతుకులకైనా ఆగుతుందని దానికి పేరు. అయితే దాన్ని నేసింది మనవాళ్లేనన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. మహారాష్ట్ర సరుకు అనుకుంటాం. సరుకు మహారాష్ట్రదే, నేసిన చేతుల్లో ఎక్కువ భాగం మాత్రం కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు వైపు నుంచి పోయినవి.

ఆ చేతులను చూడాలంటే దాజీ పేట్‌కు వెళ్లాలి. దాజీ పేట్, భద్రావతి పేట్, సాఖర్ పేట్, అశోక్ చౌక్, పద్మనగర్... సోలాపూర్‌లో పద్మశాలీల పేటలివి. దుకాణాల బోర్డులన్నీ మరాఠీలో ఉంటాయి. వాకిట్లో కూర్చున్న ముసలమ్మ మనవణ్ని పిలిచేది మాత్రం తెలంగాణ తెలుగులో. "ఏంరా, శాళకు పోలేదా ఇయ్యాల?" అంటుంది. బడిని శాళ అనడం మరాఠీ ప్రభావమే. అటు కన్నడం, ఇటు మరాఠీ, ఇంట్లో తెలుగు: మూడు భాషల మధ్య పెరిగిన ఊరు కాబట్టి ఇక్కడి తెలుగులో అన్నీ కలుస్తాయి. దాన్ని అశుద్ధం అనేవాళ్లతో నాకు పేచీ ఉంది. తరాల తరబడి ప్రభుత్వ ఆసరా పెద్దగా లేకుండా బతికిన తెలుగు అది.

వీళ్లు వచ్చింది ఒక్కసారిగా కాదు. నిజాం ఇలాకాలో కరువులొచ్చినప్పుడల్లా, నూలు దొరకనప్పుడల్లా, సరుకు అమ్ముడుపోనప్పుడల్లా కొన్ని కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని పడమటి దారి పట్టాయి. 1860లో బొంబాయి రైలు సోలాపూర్ చేరింది. 1877లో ఇప్పుడు 'జూనీ మిల్' అని చెప్పుకునే స్పిన్నింగ్ మిల్లు మొదలైంది. నూలు, రైలు, సంత మూడూ ఒక్కచోట దొరికితే నేతగానికి ఇంకేం కావాలి? ముందు గుంటమగ్గాలు, తర్వాత చేతి జకార్డులు, ఆ తర్వాత మరమగ్గాలు వచ్చాయి. మిల్లులు మూతపడ్డాయి గాని మగ్గాలు మిగిలాయి.

ఇక్కడి దుప్పటి పనితనం చూడదగ్గది. మగ్గం నెత్తిన జకార్డు పెట్టె ఉంటుంది. చిల్లులు పొడిచిన అట్టలను వరసగా కుట్టిన దండ దాని మీదుగా తిరుగుతుంటుంది. చిల్లు ఉన్నచోట పడుగు పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. నెమలి మెడ వంపు, పువ్వు రేకు, అంచు గీత అన్నీ ఆ చిల్లుల్లోనే రాసి ఉంటాయి. రెండు రంగుల పోగులు పైపొర, కిందిపొర మారుతూ నడుస్తాయి కనుక ఒక వైపు ఎర్ర నేల మీద తెల్ల నెమలి ఉంటే, తిరగేస్తే తెల్ల నేల మీద ఎర్ర నెమలి ఉంటుంది. ఇంట్లో దుప్పటి ఉంటే తిప్పి చూడండి. మన దేశంలో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు మొదటి విడతల్లోనే దక్కిన వస్తువుల్లో సోలాపూర్ చద్దర్, ఇక్కడి టెర్రీ టవల్ ఉన్నాయి. అయినా పానిపట్టు చౌక దుప్పట్లు సోలాపూర్ పేరు తగిలించుకుని బజారుకొస్తున్నాయన్నది ఇక్కడివాళ్ల పాత ఫిర్యాదు.

మగ్గం మగవాళ్లదైతే బీడీ ఆడవాళ్లది. తునికాకును నానబెట్టి తడిగుడ్డలో చుట్టి ఉంచుతారు. రేకు కొలత పెట్టి కత్తిరిస్తారు. ఒళ్లో చాట, చాటలో తంబాకు. చిటికెడు వేసి చుట్టి, మూతి మడిచి, దారం కట్టేస్తారు. కూలి వెయ్యి బీడీల లెక్కన. తల్లి పక్కన కూతురు, కోడలి పక్కన అత్త కూర్చుని చేసే ఈ పనిలో చేతులకే గాని నోటికి పని లేదు. అందుకే కథలు, పాటలు, చాడీలు, పెళ్లి సంబంధాలు అన్నీ తెలుగులోనే నడిచాయి. దాజీ పేట్‌లో తెలుగు ఇంతకాలం నిలవడానికి సభలూ సంఘాల కంటే ఈ బీడీల చాటే ఎక్కువ కారణమని నా లెక్క.

ఈ బీడీ కార్మికుల కోసమే ఊరి బయట కుంభారి దగ్గర కమ్యూనిస్టు నాయకురాలు గోదూతాయి పరులేకర్ పేరిట 10,000 ఇళ్ల కాలనీ లేచింది. దాని వెనక ఉన్నది మన పద్మశాలి బిడ్డే. సీపీఎం తరఫున మూడుసార్లు ఎమ్మెల్యేగా గెలిచిన నర్సయ్య ఆడం, అందరికీ ఆడం మాస్టర్. తర్వాత అక్కడే 30,000 ఇళ్లతో తలపెట్టిన రేనగర్‌లో మొదటి 15,000 ఇళ్లను 2024 జనవరి 19న ప్రధాని మోదీ అప్పగించారు. రాజకీయాల్లో ఈ పేటల బలం తక్కువేం కాదు. 1980 నుంచి 1996 దాకా జరిగిన లోక్‌సభ ఎన్నికల్లో సోలాపూర్ నుంచి వరసగా గెలిచినవాళ్లు గంగాధర్ కూచన్, ధర్మణ్ణ సాదుల్, లింగరాజ్ వల్యాల్. ఇంటిపేర్లు గమనించారా? మన దగ్గర ముందుండేవి మరాఠీ పద్ధతిలో చివరికి జరిగాయి, అంతే.

ఇక పండగలు. పద్మశాలీలు తాము మార్కండేయ మహర్షి సంతతి అని చెప్పుకుంటారు. ఆయన కొడుకు భావనారుషి, కోడలు సూర్యుని కూతురు భద్రావతి. దాజీ పేట్ పక్కనున్న పేటది ఆమె పేరే. శ్రావణ పున్నమి ఊళ్లో మిగతావాళ్లకు రాఖీ, నారళీ పున్నమి. వీళ్లకు కొత్త జంధ్యం వేసుకునే రోజు, మార్కండేయుని రథం కదిలే రోజు. దాజీ పేట్ వెంకటేశ్వరస్వామి గుడిలో బ్రహ్మోత్సవాలు, పెత్రమాస నుంచి వీధుల్లో బతుకమ్మ. ఆ తొమ్మిది రోజులు పాటల్లో మరాఠీ మాట వినపడదు.

సోలాపూర్‌ను చూస్తే నాకు ఇంకో నేత ఊరు గుర్తొస్తుంది. దక్షిణ అమెరికాలో ఈక్వెడార్ కొండల మీద ఒటావలో అనే ఊరుంది. అక్కడి కిచ్వా భాష మాట్లాడే జనమూ నేతగాళ్లే. స్పానిష్ దొరల కార్ఖానాల్లో వెట్టిగా నేసిన తాతల మనవలు, ఈనాడు తమ దుప్పట్లు, శాలువలు తామే మోసుకుని ఐరోపా దాకా వెళ్లి అమ్ముకుంటారు. మగవాళ్లు పొడుగు జడ విడిచిపెట్టరు, ఆడవాళ్లు కుట్టుపూల రవిక, మెడనిండా బంగారు రంగు పూసల దండలు విడిచిపెట్టరు. 2000లో ఆ ఊరికి తొలిసారి వాళ్లలోంచే మేయరు వచ్చాడు. ఒటావలో సరుకు కొన్నవాడికి నేసినవాడెవరో తెలుస్తుంది. సోలాపూర్ దుప్పటి ప్రపంచమంతా తిరిగింది గాని దాని వెంట నేతగాని తెలుగు వెళ్లలేదు. లేబుల్ మీద ఊరి పేరుంది, జనం పేరు లేదు.

ఇప్పుడు సోలాపూర్‌లో నేత తగ్గుతోంది. యూనిఫాంలు కుట్టే పని పెరిగింది, చదువుకున్న పిల్లలు పుణె వెళ్తున్నారు. మరాఠీ, తెలుగు రెండింటిలోనూ రాసిన లక్ష్మీనారాయణ బొల్లి ఈ ఊరివాడే. అలాంటి రెండు చేతుల రచయిత మళ్లీ పుట్టాలంటే పిల్లలకు తెలుగు అక్షరం రావాలి. మాట వచ్చిన ఇళ్లలో కూడా ఇప్పుడు అక్షరం రావడం లేదు. మహారాష్ట్ర పాఠ్యపుస్తక సంస్థ బాలభారతి ఇప్పటికీ తెలుగు వాచకాలు అచ్చు వేస్తోంది, చదివే పిల్లలే తగ్గిపోతున్నారు. తెలంగాణ ప్రభుత్వం, మన విశ్వవిద్యాలయాలు తలచుకుంటే ఇక్కడ సాయంత్రం బడులు నడపడం పెద్ద ఖర్చు కాదు. హైదరాబాద్ నుంచి పుణె వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి సోలాపూర్ మీదుగానే పోతుంది. ఈసారి పండరిపురానికో తుల్జాపురానికో వెళ్లేటప్పుడు దాజీ పేట్‌లో ఒక పూట ఆగండి. దుప్పటి కొనండి, తెలుగులో బేరమాడండి.