కడపటి యాత్ర – నాడు, నేడు

పుట్టినవారికి మరణం తప్పదని ఎరుగనివారు లేరు. అయినను ఇంట్లో పెండ్లి గురించి ఏడాది ముందునుంచే మాట్లాడుకునే మనం, మరణం గురించి నోరు విప్పడం అశుభమని తలుస్తాము. సొంత ఊళ్ళో ఉన్నవారికి ఈ మౌనం వల్ల పెద్ద చిక్కు రాదు. కబురు తెలియగానే బంధువులు, ఇరుగుపొరుగువారు, పురోహితుడు తామే వచ్చి చేయవలసినవన్నీ చేయిస్తారు. ఉద్యోగరీత్యా ఢిల్లీ, నోయిడా, ఘాజియాబాద్, ఫరీదాబాద్, గురుగ్రామ్‌లలో నివసిస్తున్న తెలుగు కుటుంబాల పరిస్థితి వేరు. బదిలీపై వచ్చిన ఉద్యోగి వద్ద వృద్ధులైన తల్లిదండ్రులు ఉండటం సర్వసాధారణం. అట్టి ఇంట్లో మరణం సంభవిస్తే, దుఃఖం ఒకవైపు, తక్షణమే తీసుకోవలసిన నిర్ణయాలు మరొకవైపు. ఇక్కడే దహనమా, స్వగ్రామానికి తీసుకుపోవడమా? కట్టెల చితియా, విద్యుత్ దహనవాటికయా? కర్మ చేసేదెవరు, ఎక్కడ? ఈ ప్రశ్నలకు జవాబు వెదకాలంటే ముందు మన ఆచారాల స్వరూపాన్ని తెలుసుకోవాలి.

తెలుగునాట సంప్రదాయం

వెదురు బొంగులతో పాడె కట్టి నలుగురు మోయగా, కర్త నిప్పుకుండ పట్టుకొని ముందు నడుస్తాడు. దారిలో ఒకచోట పాడెను దించి, మరణించినవారిని చెవిలో ముమ్మారు పిలుస్తారు. ఇదే దింపుడు కళ్ళం. ప్రాణం ఇంకా ఉన్నదేమోననే చివరి ఆశకు పెద్దలు ఇచ్చిన రూపమిది. శ్మశానంలో కర్త నీటికుండను భుజాన ఉంచుకొని ప్రదక్షిణ చేస్తుండగా దానికి చిల్లులు పెడతారు. చివరకు కుండను వెనుకకు విడిచి, కొరివి పెట్టి, తిరిగి చూడకుండా వెళ్ళిపోతాడు. ఆపై అస్థిసంచయనం, పదవనాటి ధర్మోదకాలు, పన్నెండవనాటి సపిండీకరణం, నెలనెలా మాసికాలు, ఏడాదికి ఆబ్దికం.

ఇవి అందరికీ ఒకే విధంగా ఉండవు. ఖననం చేసే హిందూ కుటుంబాలూ తెలుగునాట అనేకం. జంగములలో మృతుని కూర్చున్న భంగిమలోనే సమాధి చేసే ఆచారం ఉన్నది. ముస్లిములు, క్రైస్తవులు తమ మతధర్మాల ననుసరించి భూస్థాపన చేస్తారు.

యమునాతీరపు ఆచారం

ఢిల్లీలో చిరకాలంగా ప్రసిద్ధమైన శ్మశానవాటిక కశ్మీరీ గేటు సమీపంలోని నిగమబోధ్ ఘాట్. వేదాలను మరచిన బ్రహ్మదేవుడు ఇక్కడ యమునలో స్నానమాడి వాటిని తిరిగి పొందాడనీ, అందుచేతనే ఈ పేరు వచ్చిందనీ స్థలపురాణం. దక్షిణ ఢిల్లీవారికి లోధీ రోడ్డు, గ్రీన్ పార్కు, నోయిడావారికి సెక్టార్ 94లోని అంతిమ్ నివాస్, ఘాజియాబాద్ వారికి హిండన్ తీరం అందుబాటులో ఉన్నాయి.

ఇక్కడి పద్ధతులు మనవారికి కొంత కొత్తగా తోచవచ్చు. చితాభస్మం నుంచి ఏరిన అస్థులను హిందీవారు ‘ఫూల్’, అనగా పువ్వులు, అని పిలుస్తారు. పంజాబీ కుటుంబాలు నాలుగవనాడు ‘చౌథా’ పేరుతో ప్రార్థనాసభ జరుపుతారు. ‘రస్మ్ పగడీ’ నాడు పెద్దకుమారుని తలకు పాగా చుట్టి, ఇంటి బాధ్యతను పెద్దల సమక్షంలో అప్పగిస్తారు. పదమూడవనాడు ‘తేరహవీ’తో కార్యక్రమం ముగుస్తుంది. పేర్లు వేరైనా పరమార్థం ఒక్కటే: పోయినవారిని సాగనంపడం, ఉన్నవారిని తిరిగి జీవితంలోనికి నడిపించడం.

స్థలాన్నిబట్టి ఆచారం మారుతుందనుటకు ఢిల్లీ పార్సీలు చక్కని ఉదాహరణ. ముంబయిలోవలె వారికిక్కడ దఖ్మా లేదు. అందువల్ల తమ ఆరాంగాహ్‌లో భూస్థాపన చేస్తారు. దానివల్ల వారి ధర్మానికి లోపం వచ్చిందని ఎవరూ అనరు.

సొంత మట్టి మమకారం

మాజీ ప్రధాని శ్రీ పి.వి. నరసింహారావు 2004 డిసెంబర్ 23న ఢిల్లీలో కన్నుమూశారు. వారి పార్థివదేహాన్ని హైదరాబాదుకు తరలించి, 25వ తేదీన హుస్సేన్‌సాగర్ తీరాన దహనసంస్కారం చేశారు. సామాన్య కుటుంబం అదే పని తలపెడితే విమానసంస్థ సాధారణంగా వైద్యుల మరణ ధ్రువపత్రం, దేహం చెడకుండా ఎంబామింగ్ చేసినట్లు పత్రం, పోలీసుల నిరాక్షేపణ పత్రం, శవపేటికకు సీలు వేసినట్లు పత్రం కోరుతుంది. ఇవన్నీ సమకూరేసరికి ఒక పూట, ఒక్కొక్కప్పుడు ఒక రోజు గడిచిపోవచ్చు.

ఈ మమకారం మనకొక్కరికే చెందినది కాదు. లక్షలాదిమంది విదేశాలలో పనిచేసే ఫిలిప్పీన్స్ దేశంలో ‘లామాయ్’ అనే జాగరణ ఆచారమున్నది. దేహాన్ని ఇంటనో ప్రార్థనామందిరంలోనో ఉంచి, బంధుమిత్రులు రాత్రింబవళ్ళు తోడుంటారు. దూరదేశంలోని బిడ్డ వచ్చేవరకు దీనిని పొడిగించడమూ కద్దు. వచ్చినవారు ‘అబులోయ్’ పేరిట తమ శక్తికొద్దీ ధనసహాయం అందిస్తారు. తొమ్మిది దినాల ప్రార్థనలు, నలుబదవనాటి ప్రార్థన, ఏడాదికి మైల విడుపు మన దినాలను, ఆబ్దికాన్ని గుర్తుకు తెస్తాయి. అమెరికా నుంచి కుమారుడు వచ్చేవరకు ఐసుపెట్టెలో దేహాన్ని ఉంచి ఎదురుచూసే మన కుటుంబాల వేదన వారికీ తెలిసినదే.

ఇక్కడనే దహనం జరిపినవారు అస్థులను ఢిల్లీకి సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని గఢ్‌ముక్తేశ్వర్ వద్ద గాని, హరిద్వారంలో గాని గంగలో కలుపుతారు. కొంత భాగాన్ని దాచి గోదావరికో కృష్ణకో తీసుకుపోయేవారున్నారు. దేహం వెళ్ళలేని ఊరికి అస్థులైనా చేరుతాయి.

మారుతున్న పద్ధతులు

ఒక చితికి నాలుగైదు వందల కిలోల కట్టెలు పడతాయి. నిగమబోధ్ ఘాట్‌లో 1950ల దశకంలోనే విద్యుత్ దహనవాటిక ఏర్పడింది. 2006లో సీఎన్‌జీ దహనవాటిక తోడయింది. 1992లో ఢిల్లీలో ఆరంభమైన మోక్షద సంస్థ, గాలి చక్కగా ఆడేటట్లు లోహపు వేదికను రూపొందించి, సుమారు 150 కిలోల కట్టెలతోనే దహనం ముగిసే మార్గం చూపింది. ఇందులో కొరివి పెట్టడం మొదలైన విధులన్నీ యథావిధిగా జరుపుకొనవచ్చు. ఢిల్లీ మాజీ ముఖ్యమంత్రి శ్రీమతి షీలా దీక్షిత్ అంత్యక్రియలు 2019 జూలైలో సీఎన్‌జీ దహనవాటికలోనే జరిగాయి.

అదే ఏడాది ఆగస్టులో శ్రీమతి సుష్మా స్వరాజ్ అంత్యక్రియలను లోధీ రోడ్డులో కుమార్తె నిర్వహించారు. ఏడాది ముందు శ్రీ వాజ్‌పేయి చితికి నిప్పంటించినది దత్తపుత్రికయే. కొడుకులు లేని ఇండ్లలో ‘ఎవరు చేస్తారు?’ అనే దిగులుకు కాలం ఈ విధంగా సమాధానమిచ్చింది.

కాకినాడ మూలాలు గల శ్రీ సీతారాం ఏచూరి 2024 సెప్టెంబర్ 12న ఎయిమ్స్‌లో మరణించగా, ఆయన దేహాన్ని కుటుంబసభ్యులు వైద్యవిద్య, పరిశోధనల నిమిత్తం ఆ సంస్థకే అప్పగించారు. ఢిల్లీలో 1997 నుంచి దధీచి దేహదాన్ సమితి ఈ విషయమై ప్రచారం చేస్తున్నది. నేత్రదానం మాత్రం మరణానంతరం సాధ్యమైనంతవరకు 6 గంటలలోపు జరగాలి. జీవించి ఉండగా సంకల్పపత్రంపై సంతకం చేసినా, ఇంటివారు వెంటనే కబురు చేయకపోతే ఆ కోరిక నెరవేరదు.

ముందుచూపు అపశకునం కాదు

2021 ఏప్రిల్, మే నెలలను ఢిల్లీవాసులు మరువలేరు. శ్మశానవాటికలలో వరుసలు కట్టవలసివచ్చింది. కన్నవారి అంత్యక్రియలను బిడ్డలు ఫోను తెరపై చూచి దణ్ణం పెట్టుకున్నారు. పాడె మోసే నలుగురు దొరకని ఇండ్లకు ముక్కూమొహం తెలియనివారు సాయపడ్డారు. ఏ తంతు తగ్గినా ఫరవాలేదు గాని, ‘ఆ నలుగురు’ లేకపోతే కలిగే వెలితి ఎంతటిదో ఆ రోజులు మనకు నేర్పాయి.

కనుక కుటుంబాలు చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. ఇంటి పెద్దల కోరికను వారు ఆరోగ్యంగా ఉన్నప్పుడే మెల్లగా అడిగి తెలుసుకోవడం మేలు. చాలామంది పెద్దలు ఈ మాట ఎత్తినందుకు నొచ్చుకోరు, పైగా ఊరట చెందుతారు. గుర్తింపు పత్రాలు, ప్రావిడెంట్ ఫండు, బీమా, పింఛను నామినేషన్లు ఒకేచోట ఉంచి, ఆ సంగతి జీవితభాగస్వామికి తెలియజేయాలి. ఇంట్లో మరణం సంభవిస్తే వైద్యునిచే కారణం ధ్రువపరచుకొని, 21 దినాలలోపు నమోదు చేయించాలి. మన కాలనీలో కష్టసమయాన పిలువదగిన నలుగురి ఫోను నంబర్లు, ఒక పురోహితుని నంబరు అందరివద్దా ఉండాలి.

దహనం గోదావరి ఒడ్డున జరిగినా, యమున ఒడ్డున జరిగినా, కట్టెలతో జరిగినా, వాయువుతో జరిగినా, శ్రద్ధతో చేసినదే శ్రాద్ధమని పెద్దలు నిర్వచించారు. శ్రద్ధ ఉన్నచోట పరాయి ఊరనేది లేదు. నేడు పొరుగింటి పాడెకు మన భుజం పట్టడమే, రేపు మన ఇంటికి నలుగురు రావడానికి తగిన పూచీ.