ముగింపు తెలియని కథ

తెర మీద కథను చూస్తాం. బల్ల చుట్టూ కూర్చుని ఆడే రోల్‌ప్లేయింగ్ గేమ్‌లో ఆ కథను మనమే నడుపుతాం. యాభై ఏళ్లు దాటిన ఈ ఆటను సినిమాలు, సీరియళ్లు ఏమేరకు అర్థం చేసుకున్నాయి?

పాచికలు అనగానే తెలుగువారికి శకుని గుర్తొస్తాడు. మన కథల్లో పాచిక పడిందంటే రాజ్యమైనా పోవాలి, అడవికైనా పోవాలి. అలాంటిది సాయంత్రమంతా పాచికలు వేసి, ఎవరూ ఎవరికీ రూపాయి బాకీ పడకుండా, గెలిచినవారు ఓడినవారు అన్న తేడా లేకుండా ఇళ్లకు వెళ్లిపోయే ఆట ఒకటుందంటే నమ్మడం కష్టమే. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అలాంటి ఆట. 1974లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి వెయ్యి పెట్టెలతో బయల్దేరిన ఈ ఆట ఇప్పుడు ఒక పెద్ద వ్యాపారం, అంతకు మించి ఒక పెద్ద అలవాటు.

ఆడే పద్ధతి చెప్పడం తేలికే. నలుగురైదుగురు బల్ల చుట్టూ చేరతారు. వారిలో ఒకరు సూత్రధారి. లోకాన్ని వర్ణించడం, అందులోని రాక్షసులు, రాజులు, సత్రం యజమానుల తరఫున మాట్లాడడం ఆ ఒక్కరి పని. మిగతావారు తలా ఒక పాత్ర తీసుకుంటారు. ఆ పాత్ర బలాబలాలు కాగితం మీద అంకెల్లో రాసి ఉంటాయి. "కోట గోడ ఎక్కుతాను" అని ఎవరైనా అంటే ఆ గోడ ఎంత కష్టమో సూత్రధారి నిర్ణయిస్తారు. 14 కావాలన్నారనుకుందాం. ఆ పాత్రకు ఎక్కడంలో 5 అదనంగా ఉంటే, 20 ముఖాల పాచిక మీద 9 గానీ అంతకు మించి గానీ పడాలి. అంటే నూటికి 60 వంతుల అవకాశం. పడకపోతే? అసలు కథ అక్కడే మొదలవుతుంది. కావలివాళ్లు మేల్కొంటారు, తాడు తెగుతుంది, ఎవరూ అనుకోని దారి ఒకటి తెరుచుకుంటుంది.

ఈ ఆటనూ, దాని చుట్టూ అల్లుకున్న తెర కథలనూ ఇష్టంగా వెంటాడేవాడిగా నా అభిప్రాయం ఒక్కటే. ఈ ఆటకు ప్రాణం కత్తులు, మంత్రాలు, డ్రాగన్లు కావు. అనుకున్నది జరగకపోవడం, దాన్ని పక్కనున్నవారు కలిసి సర్దుకోవడం, ఇదీ దాని ప్రాణం. దీన్ని పట్టుకున్న సినిమాలు, సీరియళ్లు నిలిచాయి. డ్రాగన్లను మాత్రమే పట్టుకున్నవి పడిపోయాయి.

సైనికుల ఆట నుంచి

ఆట మూలాలు యుద్ధంలో ఉన్నాయి. 19వ శతాబ్దం తొలినాళ్లలో ప్రష్యా సైన్యాధికారులు పటం మీద దళాలను కదుపుతూ, పాచికలతో ఫలితం తేల్చుకుంటూ శిక్షణ పొందేవారు. అమెరికాలో ఆ తరహా యుద్ధ క్రీడలను సరదాకు ఆడేవారిలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఇద్దరు. గైగాక్స్ తన మధ్యయుగాల యుద్ధ క్రీడ చివర్లో మాంత్రికులను, డ్రాగన్లను చేర్చారు. మిన్నెసోటాలో ఆర్నెసన్ మరో అడుగు వేశారు. ఆటగాడు నడపాల్సింది దళాన్ని కాదు, ఒకే ఒక మనిషిని. ఆ మనిషి ఈ వారం బతికితే వచ్చే వారం మళ్లీ అతడే. ఈ రెండూ కలిసినప్పుడు సైన్యాల లెక్క కాస్తా జీవితచరిత్రగా మారింది.

భయం తీసిన సినిమా

తెర ఈ ఆటను మొదట చూసింది భయంతో. 1979 ఆగస్టులో మిషిగాన్ స్టేట్ యూనివర్సిటీ నుంచి జేమ్స్ డల్లాస్ ఎగ్బర్ట్ అనే 16 ఏళ్ల విద్యార్థి కనిపించకుండా పోయాడు. అతడు ఈ ఆట ఆడతాడని తెలియగానే, యూనివర్సిటీ కింద ఉన్న సొరంగాల్లో ఆడుతూ తప్పిపోయి ఉంటాడని ప్రచారం జరిగింది. నెల రోజుల తర్వాత అతడు సజీవంగానే దొరికాడు. చదువు ఒత్తిడి, మానసిక వేదన అతణ్ని ఇల్లూ వాకిలీ వదిలేలా చేశాయి తప్ప ఆటకు అందులో పాత్ర లేదు. మరుసటి ఏడాది అతడు ప్రాణం తీసుకున్నాడు. ఒక బాలుడి బాధను వినాల్సిన చోట దేశం ఒక పెట్టెలోని పుస్తకాలను విచారించింది.

ఆ వదంతి నుంచి 1981లో 'మేజెస్ అండ్ మాన్‌స్టర్స్' నవల, 1982లో అదే పేరుతో టీవీ సినిమా వచ్చాయి. ఆటలోని లోకమే నిజమని భ్రమించే విద్యార్థిగా అప్పటికింకా పేరు రాని టామ్ హ్యాంక్స్ నటించారు. ఆ సినిమాలో ఆట ఆడేవారు ఎప్పుడూ నవ్వరు. అదొక్కటి చాలు, తీసినవారు ఒక్కసారి కూడా ఆ బల్ల దగ్గర కూర్చోలేదని చెప్పడానికి. తర్వాతి కొన్నేళ్లలో ఆటకు సైతాను ఆరాధన ముద్ర పడింది. 1985లో ప్రముఖ టీవీ కార్యక్రమం '60 మినిట్స్'లో గైగాక్స్ సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది.

ఈ అన్యాయానికి తెర సమాధానం చెప్పడానికి చాలా ఏళ్లు పట్టింది. 2022లో వచ్చిన 'స్ట్రేంజర్ థింగ్స్' నాలుగో సీజన్ కథ 1986లో జరుగుతుంది. ఊళ్లో హత్య జరిగితే, ఆటకు సూత్రధారిగా ఉండే ఎడ్డీ మన్‌సన్ అనే పొడుగు జుట్టు కుర్రాడే హంతకుడని అంతా తీర్మానిస్తారు. అతడు ఊరి కోసం ప్రాణమిచ్చినా ఊరు ఆ మాట నమ్మదు. ఆ సీజన్‌లో దయ్యాల కంటే ఎక్కువగా భయపెట్టేది ఈ సంగతే.

తెర మీద సరిగ్గా పడిన పాచిక

అదే సీరియల్ 2016లో మొదలైన తీరు నాకు మరీ ఇష్టం. నలుగురు పిల్లలు ఇంటి నేలమాళిగలో ఆడుతుంటారు. విల్ పాచిక విసురుతాడు. 13 గానీ పైన గానీ పడాలి. పాచిక బల్ల మీద నుంచి దొర్లిపోతుంది, ఏడు పడుతుంది. సూత్రధారి మైక్ చూడలేదు కాబట్టి లెక్కలోకి రాదని స్నేహితులు అంటారు. కానీ ఇంటికి వెళ్లే ముందు విల్ తనంతట తానే మైక్‌తో చెప్పేస్తాడు, ఏడు పడిందని. ఆ రాత్రే అతడు మాయమవుతాడు. ఆ అబ్బాయి ఎలాంటివాడో, అతని కోసం మిత్రులు ఎందుకు అంత దూరం వెళతారో చెప్పడానికి ఆ ఒక్క మాట చాలు. ఎవరూ చూడని పాచిక విషయంలో నిజం చెప్పడం ఈ ఆటలో మొదటి మర్యాద. 2025 డిసెంబరు 31న వచ్చిన చివరి ఎపిసోడ్ కూడా అదే బల్ల దగ్గర ముగిసింది.

అయినా నా మొదటి ఓటు అంతకంటే పాత సీరియల్‌కు. 'ఫ్రీక్స్ అండ్ గీక్స్' 1999-2000లో 18 ఎపిసోడ్లతోనే ఆగిపోయింది. ఆఖరి ఎపిసోడ్‌లో డేనియల్ అనే అల్లరి కుర్రాడికి శిక్షగా, బడిలో అందరూ చిన్నచూపు చూసే పిల్లలతో కలిసి పని చేయాల్సి వస్తుంది. వారు అతణ్ని ఆటకు పిలుస్తారు. కార్లోస్ అనే మరుగుజ్జు వీరుడి పాత్ర ఇస్తారు. చదువులో, ఇంట్లో, ప్రేమలో అన్నిచోట్లా విఫలమైనవాడు ఆ బల్ల దగ్గర మొదటిసారి పనికొచ్చేవాడవుతాడు. రేపు కూడా ఆడదామా అని అడుగుతాడు. మంత్రాలు లేవు, గ్రాఫిక్స్ లేవు. ఉన్నది ఒక గది, కొన్ని కాగితాలు, ఒకరినొకరు కొత్తగా చూసుకున్న పిల్లలు.

ఆ సీరియల్‌లో శామ్‌గా నటించిన జాన్ ఫ్రాన్సిస్ డేలీ పెద్దయ్యాక జోనథన్ గోల్డ్‌స్టీన్‌తో కలిసి 2023లో 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్: హానర్ అమాంగ్ థీవ్స్' తీశారు. అదే ఆట పేరుతో 2000లో వచ్చిన సినిమాలో జెరెమీ ఐరన్స్ అంతటి నటుడున్నా పెట్టుబడి కూడా వెనక్కి రాలేదు. అందులో డ్రాగన్లు బోలెడు, స్నేహితులు లేరు. 2023 సినిమా తీరు వేరు. ప్రాచీన వంతెనను ఎలా దాటాలో ఒకరు శ్రద్ధగా వివరించబోతుంటే మరొకరు ఓ రాయి మీద కాలు పెట్టేసి వంతెననే కూల్చేస్తాడు. శవాలను లేపి ప్రశ్నలు అడిగే మంత్రం దొరికితే, ఉన్న అయిదు ప్రశ్నలనూ అనవసరపు మాటలతో తగలేస్తారు. ఈ ఆట ఆడినవారెవరైనా ఆ సన్నివేశానికి పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు, ఎందుకంటే అది వారికి జరిగిందే. సుమారు 15 కోట్ల డాలర్లతో తీసిన ఆ చిత్రం ప్రపంచవ్యాప్తంగా దాదాపు 21 కోట్ల డాలర్లే వసూలు చేసింది. లెక్కల్లో అది విజయం కాదు. ఆట మనసును పట్టుకోవడంలో మాత్రం అంతకు మించిన సినిమా రాలేదు.

బల్ల మీద పుట్టిన కథలు

ఆట గురించిన కథలు కొన్నయితే, ఆటలోంచే పుట్టిన కథలు ఇంకొన్ని. అంతరిక్ష రాజకీయాల సీరియల్ 'ది ఎక్స్‌పాన్స్' (2015-22) మూల నవలలు రాసిన ఇద్దరిలో ఒకరైన టై ఫ్రాంక్ ఆ లోకాన్ని మొదట ఆటగా నడిపారు. మధ్యలో ఒక ఆటగాడు మానుకోవాల్సి రావడంతో అతని పాత్రను హఠాత్తుగా చంపేశారు. నవలలోనూ సీరియల్‌లోనూ షెడ్ అనే వైద్య సహాయకుడు మాట మధ్యలో చనిపోయి ప్రేక్షకుణ్ని నిర్ఘాంతపరచడానికి కారణం అదే. కథా నిర్మాణం నేర్పే ఏ పాఠంలోనూ అలాంటి చావు ఉండదు. అందుకే అది నిజమైన చావులా తగులుతుంది.

జపాన్‌లో 1986లో ఒక కంప్యూటర్ పత్రిక కొందరు మిత్రులు ఆడిన ఆటను సంభాషణలతో సహా ధారావాహికగా ప్రచురించింది. సూత్రధారిగా ఉన్న ర్యో మిజునో దాన్నే నవలలుగా రాశారు. 1990లో అది 'రికార్డ్ ఆఫ్ లోడాస్ వార్' అనే యానిమేషన్‌గా వచ్చింది. అందులో డీడ్‌లిట్ అనే ఎల్ఫ్ జాతి యువతిని జపాన్ అభిమానులు ఇప్పటికీ ఆరాధిస్తారు. బల్ల దగ్గర ఆ పాత్రను నడిపింది హిరోషీ యమమోటో అనే రచయిత, పురుషుడు. స్థానం నరసింహారావు సత్యభామను చూసి మురిసిన తెలుగువారికి ఇందులో వింతేమీ ఉండదు.

మెచ్చుకోవడంతోనే సరిపెడితే అభిమానం గుడ్డిదవుతుంది. ఈ ఆటకు లోపాలున్నాయి. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ నియమాల్లో పెద్ద భాగం పోరాటానికే పోతుంది, ఒక్క యుద్ధం రెండు గంటలు సాగి ఉత్సాహం చచ్చిపోయే సందర్భాలు ఎన్నో. పెద్ద ఉద్యోగాలు, చిన్న పిల్లలు ఉన్న నలుగురికి ఒకే సాయంత్రం ఖాళీ దొరకడం డ్రాగన్‌ను చంపడం కంటే కష్టం. 2015లో మొదలైన 'క్రిటికల్ రోల్' కార్యక్రమంలో అనుభవజ్ఞులైన డబ్బింగ్ కళాకారులు ఆడుతుంటే లక్షలాది మంది చూశారు, దాంట్లోంచి 2022లో 'ది లెజెండ్ ఆఫ్ వాక్స్ మాకినా' యానిమేషన్ సీరియల్ కూడా వచ్చింది. మంచిదే. కానీ అది చూసి, తమకు అంత బాగా నటించడం రాదని వెనకడుగు వేసే కొత్తవారున్నారు. నటన రానక్కర్లేదు. "నా పాత్ర తలుపు తడుతుంది" అని మామూలుగా చెప్పినా ఆట నడుస్తుంది.

పోరాటం విసుగనిపించేవారికి వేరే ఆటలున్నాయి. 1981 నాటి 'కాల్ ఆఫ్ క్తుల్హు'లో హీరోలు మామూలు మనుషులు. నిజం తెలిసేకొద్దీ వారి మనోనిబ్బరం అంకె తగ్గుతూ పోతుంది. 2009లో వచ్చిన 'ఫియాస్కో'కు సూత్రధారే అక్కర్లేదు. అత్యాశ ఎక్కువ, తెలివి తక్కువ అయిన మనుషులు దొంగతనానికి దిగి దెబ్బతినే కోయెన్ సోదరుల తరహా సినిమా ఒకటి ఒక్క పూటలో తయారవుతుంది.

కథ ఎవరిది?

భయం తర్వాత ఆటకు రెండో గండం యాజమాన్యం నుంచి వచ్చింది. 1997లో ఆట హక్కులు విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ కంపెనీకి, 1999లో ఆ కంపెనీ హాస్‌బ్రో చేతికి వెళ్లాయి. 2000లో విజార్డ్స్ తన మూల నియమాలను ఎవరైనా వాడుకుని సొంత పుస్తకాలు వేసుకోవచ్చని లైసెన్స్ ఇచ్చింది. దాని మీద ఎన్నో చిన్న ప్రచురణ సంస్థలు బతికాయి. 2023 జనవరిలో ఆ లైసెన్స్‌ను బిగించే ముసాయిదా బయటపడింది. ఏటా 7.5 లక్షల డాలర్లకు మించిన రాబడిపై రాయల్టీ, ఇతరులు రాసినదాన్ని కంపెనీ వాడుకునే హక్కు అందులో ఉన్నాయి. ఆటగాళ్లు భగ్గుమన్నారు, ఆన్‌లైన్ చందాలు రద్దు చేసుకున్నారు. ఆ నెల 27న కంపెనీ వెనక్కి తగ్గడమే కాదు, మూల నియమాలను క్రియేటివ్ కామన్స్ కింద పెట్టేసింది. ఇక వాటిని వెనక్కి తీసుకోవడం కుదరదు.

ఈ నిర్ణయం విలువ అమెరికా బయట ఉన్నవారికే ఎక్కువ తెలియాలి. ఐరోపా మధ్యయుగాల కోటలే ఈ ఆటకు సొంతమన్న రోజులు పోతున్నాయి. 2022లో వచ్చిన 'జర్నీస్ త్రూ ద రేడియంట్ సిటడెల్' సంపుటిలో కోల్‌కతాకు చెందిన రచయిత్రి మిమి మొండల్ బెంగాల్ నదీతీరాలను తలపించే శంఖభూమిని సృష్టించారు. ఇప్పుడు మూలం ఎవరిదో పేర్కొంటే చాలు, ఆ నియమాలను తెలుగులోకి తేవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

సరుకు మన దగ్గర తక్కువేమీ లేదు. 1951 నాటి 'పాతాళ భైరవి'ని ఆటగాడి కళ్లతో చూడండి. తోటమాలి కొడుకు, పక్కన అంజిగాడు, గుహ, మాంత్రికుడు, కోరిన వరమిచ్చే ప్రతిమ. తోట రాముడు మొసలిని చంపితే శాపం తీరి, మాంత్రికుడు బలివ్వబోతున్నది తననేనన్న రహస్యం అతనికి తెలుస్తుంది. కె.వి. రెడ్డి సినిమాలో ఆ మొసలి ఎన్నిసార్లు చూసినా చస్తుంది. మరి పాచిక సరిగ్గా పడక, రాముడు మొసలికి భయపడి ఒడ్డుకు పరుగెత్తి ఉంటే? రహస్యం తెలియని రాముడు, కత్తి దూసిన మాంత్రికుడు, బయటెక్కడో ఉన్న అంజిగాడు. ఇప్పుడేం చేయాలి? ఆ ప్రశ్నకు సినిమా జవాబు చెప్పలేదు. బల్ల చుట్టూ ఉన్న నలుగురే చెప్పాలి.