రాజప్రతినిధులు – ప్రజాప్రతినిధులు

తుమకూరు జిల్లా పావగడ తాలూకాలో వల్లూరను గ్రామము కలదు. ఆ తాలూకాకు ఇంచుమించు చుట్టును ఒకప్పటి అనంతపుర మండలపు పల్లెలే. ఇంట తెలుగు, కచేరీలో కన్నడము అక్కడివారికి వాడుక. మైసూరు ప్రభువుల కాలమున ఇట్టి మారుమూల పల్లెలో రాజును కన్నులార చూచినవారు అరుదు. కాని తాలూకా కచేరీలో కూర్చుండు అమీల్దారును ఎరుగనివారు లేరు. శిస్తు కట్టుటకును, తగవు చెప్పుకొనుటకును ఆయనయే రాజు. దూరముననున్న రాజుకంటె దగ్గరనున్న రాజప్రతినిధి ఎట్టివాడనునదే ప్రజలకు ముఖ్యము.

ఈ సందర్భమున ఇంగ్లండు చరిత్ర పరిశీలింపదగినది. అచ్చట ప్రతి కౌంటీకిని లార్డు లెఫ్టినెంటు అను రాజప్రతినిధి కలడు. ఎనిమిదవ హెన్రీ కాలమున, 1540 ప్రాంతమున ఈ పదవి పుట్టినది. నాడు ఆయన పని మర్యాదలు జరుపుట కాదు. కౌంటీలో జనమును కూడగట్టి, ఆయుధములు పట్టించి, దండును సిద్ధపరచుట. మూడు శతాబ్దులకు పైగా స్థానిక సైన్యము ఆయన చేతిలో నుండెను. 1871లో పార్లమెంటు ఆ అధికారమును ఆయన నుండి తీసివేసెను. నేడాయన రాజు కౌంటీకి వచ్చినపుడు ఎదురేగును, పతకములు బహూకరించును, ఉత్సవములకు అధ్యక్షత వహించును. జీతము లేదు, డెబ్బదియైదవ యేట పదవి విడువవలెను. పదవిని రద్దుచేయక, కత్తిని మాత్రము పుచ్చుకొని శాలువను ఉంచిరి. అందుచేత నేడు ఆ గౌరవమునకు భయపడువాడు లేడు, అసూయపడువాడును లేడు.

మన దేశమున కథ వేరుగ నడచినది. 1831లో ఆంగ్లేయులు మైసూరు పరిపాలనమును తమ చేతిలోనికి తీసికొని, 1881లో తిరిగి ఒడయరు వంశమునకు అప్పగించిరి. ఆ సంవత్సరముననే దివాను రంగాచార్లు ప్రజాప్రతినిధి సభను నెలకొల్పెను. తాలూకాల నుండి భూస్వాములును, వర్తకులును దసరా సమయమున మైసూరునకు పోయి, దివాను చదువు నివేదికను విని, తమ కష్టములను విన్నవించుకొనుచుండిరి. మొదట వారు ఎన్నికైనవారు కారు. చట్టము చేయు హక్కును వారికి లేకుండెను. అయినను అంతవరకు పైనుండి క్రిందికి దిగివచ్చు ప్రతినిధిని మాత్రమే ఎరిగిన పల్లెలకు, క్రిందినుండి పైకి పోవు ప్రతినిధి యను భావము అప్పుడు పరిచయమైనది. ఈ ఇరువురికిని విరోధము వచ్చినచో ఎవరు తగ్గవలెను? అప్పటినుండి మన రాజ్యాంగ చరిత్రమంతయు ఈ ప్రశ్న చుట్టును తిరుగుచున్నది.

1950లో రాజ్యాంగము అమలులోనికి వచ్చినపుడు మైసూరు మహారాజును, హైదరాబాదు నిజామును రాజప్రముఖులైరి. తాము ఏలిన గడ్డమీదనే, ఎన్నికైన మంత్రుల సలహాను అనుసరించి సంతకము చేయువారైరి. 1956 నవంబరు 1న ఆ పదవి అంతరించినది. జయచామరాజ ఒడయరు మైసూరు రాష్ట్రమునకు గవర్నరై 1964 వరకు ఉండి, పిమ్మట మద్రాసు గవర్నరైరి. రాజే రాజప్రతినిధియైన విచిత్రము మన కాలముననే జరిగినది.

రాజులు పోయిరి, అయినను ప్రశ్న పోలేదు. 1984 ఆగస్టు 16న ఆంధ్రప్రదేశ్ గవర్నరు రాంలాల్ ముఖ్యమంత్రి నందమూరి తారక రామారావును తొలగించెను. శాసనసభలో బలము చూపుదుననిన మాటను వినలేదు. నెల తిరుగునప్పటికి, సెప్టెంబరు 16న, రామారావు తిరిగి ముఖ్యమంత్రి యయ్యెను. గవర్నరు అంతకుముందే పదవిని వీడవలసివచ్చెను.

ఐదేండ్లైనను కాకమునుపే పావగడ ప్రజల రాష్ట్రమున అదే నాటకము మరల జరిగినది. 1989 ఏప్రిలులో కర్ణాటక గవర్నరు, మన తెలుగువారే యగు పెండేకంటి వెంకటసుబ్బయ్య, ముఖ్యమంత్రి ఎస్.ఆర్. బొమ్మైకి బలము లేదని రాష్ట్రపతికి వ్రాసిరి. సభలోనే నిరూపింతునని బొమ్మై పట్టుబట్టినను, ఏప్రిలు 21న రాష్ట్రపతి పాలనము విధింపబడెను. 1994 మార్చి 11న సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ చర్య చెల్లదని తీర్పు చెప్పెను. మంత్రివర్గపు బలమును తేల్చు స్థలము శాసనసభయే గాని రాజభవనము కాదని స్పష్టపరచెను. కాని అప్పటికి ఎన్నికలు జరిగి నాలుగేండ్లు గడచినవి. ధర్మము గెలిచినది, తొలగింపబడిన మంత్రివర్గము మాత్రము తిరిగి రాలేదు. న్యాయవాదులమైన మనము ఆ తీర్పును ఉదాహరించునపుడెల్ల ఈ ఆలస్యమును కూడ జ్ఞాపకముంచుకొనవలెను.

గవర్నరు పదవినే తీసివేయుడని కొందరందురు. మేము అంత దూరము పోజాలము. లార్డు లెఫ్టినెంటు మంత్రివర్గములను ఏర్పరుపడు. మన గవర్నరు ఏర్పరుపవలెను. ఏ పక్షమునకును పూర్తి బలము రానప్పుడు ఎవరో ఒకరు మొదట ఒకరిని పిలువక తప్పదు. కావున పదవి ఉండవలెను. కాని నియమింపబడువాడు ఎట్టివాడను విచారణ కూడ ఉండవలెను. రాష్ట్రమునకు బయటివాడును, స్థానిక రాజకీయములతో చిక్కుపడనివాడును కావలెనని 1988లో సర్కారియా సంఘము సూచించినది. ఆ సూచనను పాటించుటకు ధనము అక్కరలేదు, మనస్సు చాలును.

వల్లూరు రైతు ఓటువేసి పంపిన ప్రతినిధి విధానసౌధలో ఒక్కడే కావచ్చును. అయినను ఆ ఒక్కని చేయి ఎత్తించి లెక్కింపవలసినది సభలోనే. రాజభవనమున కూర్చుండి ఆ లెక్క వేసినవారు రైతు ఓటును తుడిచివేసినవారే యగుదురు. ఇంగ్లండు తన రాజప్రతినిధి కత్తిని తీసికొనుటకు మూడు శతాబ్దులు పట్టినది. మనకు అంత వ్యవధి లేదు, అక్కరయును లేదు. రాజ్యాంగము మన చేతిలోనే యున్నది.