ఆంగ్లేయుల చిఱుతిట్లు



నిరుడు మా చెల్లెలు నర్సు ఉద్యోగమునకై ఇంగ్లండులోని లీడ్సు నగరమున కేగినది. నెల తిరుగకమునుపే యొకరాత్రి ఫోనులో వెక్కివెక్కి యేడ్చుచు, "అక్కయ్యా! తోడి నర్సు నలుగురిలో నన్ను 'డాఫ్ట్' అన్నది. ఇక నామె మొగము చూడను" అనెను. బుజ్జగించి యడుగగా సంగతి తేలినది. ఉదయమునుండి మెతుకు ముట్టక పనిచేయుచున్న దీని చేత రొట్టెముక్క నుంచి యామె యా మాట యన్నదట! "వెఱ్ఱిదానా, ముందు తిను" మని మన యమ్మమ్మలు మందలించుటకును దీనికిని భేదమేమి?

నాటినుండి మావారి నిఘంటువుల నడిగి యిట్టి మాటలను గొన్నింటిని దెలిసికొంటిని.

"డాఫ్ట్" అనగా తొల్లి సాధువు, నెమ్మదిగలవాడు. "సిల్లీ" యనగా ధన్యుడు. నేడు రెండును తెలివితక్కువవారిని దెలుపుచున్నవి. మనకిది వింతగాదు. అశోకుడు కర్నూలు జిల్లా యెఱ్ఱగుడి శాసనములందు దన్ను "దేవానాంప్రియు"డని చెప్పుకొనెను. పిదప వైయాకరణు లా మాటకే మూర్ఖుడని యర్థము చెప్పిరి. "పండితపుత్రు"డను మాటను మన మెట్లు వాడుచున్నామో చెప్పనేల?

"ట్విట్", "వాలీ" యనునవి మన "వెంగళప్ప" వంటివి. "మపెట్" అనునది జిమ్ హెన్సన్ చేసిన బొమ్మల పేరు. 1976 మొదలు 1981 వఱకు ఇంగ్లండులో నిర్మింపబడిన "ది మపెట్ షో"లో నాడినవి యీ బొమ్మలే. తెలివిమాలిన పని చేసినవారి కిప్పు డా పేరు పెట్టుచున్నారు.

"ప్లాంకర్" అను మాట, 1981లో నారంభమైన "ఓన్లీ ఫూల్స్ అండ్ హార్సెస్" అను టెలివిజను హాస్యనాటకమున అన్న తమ్ముని నట్లు పిలుచుటచే నింటింట వ్యాపించినది. అయినను దీనికిని, "పిలక్", "బర్క్" అను వానికిని మఱియొక బూతర్థము గలదు. పలువురు దానిని దలపకయే వాడుదురు. మనము మాత్రము విని యూరకుండుట మేలు. "గిట్" అనునది మఱింత కటువు. పార్లమెంటున సభాపతు లాక్షేపించిన మాటలలో నిదియు నొకటి.

ఇట్టి మాటలు సమానుల నడుమ, చనువు గుదిరిన పిమ్మటనే చెల్లును. రోగులయెడ, పెద్దలయెడ, పైయధికారులయెడ బలుకరాదు. మాటకంటె ముందు మొగము జూడవలెను. కన్నులు నవ్వుచున్న నది చనువు. నవ్వు లేక, పదుగురిలో, పదేపదే యన్నచో నది యవమానమే. అట్టిదానిని సహింపక పైవారికి దెలుపవలెను.

మొన్న చెల్లెలు మరల ఫోను చేసినది. జోరువానలో గొడుగు మఱచి తడిసివచ్చిన యా నర్సును జూచి, తువాలు చేతికిచ్చుచు తానును "డాఫ్ట్" అన్నదట. ఇద్దఱును బకపక నవ్విరట. ఆ పలుకు కర్థము నిఘంటువుకంటె ముందు ఆ రొట్టెముక్కయే చెప్పినదని మా చెల్లె లిప్పుడు గ్రహించినది.