విమాన టికెట్ ధరలో పన్నులు, రుసుములు, సర్‌ఛార్జీలు

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
- విమాన టికెట్‌లోని వివిధ అంశాలను విడదీసి గుర్తించగలుగుతారు.
- పన్నుకు, రుసుముకు, సర్‌ఛార్జీకి గల తేడాను వివరించగలుగుతారు.
- టికెట్‌పై కనిపించని ఇంధన పన్ను భారాన్ని లెక్కించగలుగుతారు.
- టికెట్ రద్దయినప్పుడు ఏ మొత్తం తిరిగి రావాలో చెప్పగలుగుతారు.

1. పరిచయం

పరోక్ష పన్నుల గురించి ఇంతకు ముందు పాఠంలో తెలుసుకున్నారు. పన్నును ప్రభుత్వానికి జమచేసేది ఒకరు, దాని భారాన్ని చివరికి మోసేది మరొకరు అన్నది అక్కడి ముఖ్యాంశం. ఆ సూత్రాన్ని ఇప్పుడు విమాన టికెట్‌కు అన్వయించి చూద్దాం.

ప్రకటనలో 3,000 రూపాయలుగా కనిపించిన టికెట్ డబ్బు చెల్లించే సమయానికి నాలుగున్నర వేలు దాటవచ్చు. ఈ తేడా అంతటినీ మనం "ట్యాక్సులు" అనేస్తాం. నిజానికి అందులో కొంత ప్రభుత్వానికి, కొంత విమానాశ్రయానికి, కొంత విమాన సంస్థకే చేరుతుంది. అందువల్ల టికెట్‌లోని ప్రతి వరుస దగ్గర మూడు ప్రశ్నలు వేసుకోవాలి. దీన్ని విధించింది ఎవరు? ఈ డబ్బు ఎవరికి చేరుతుంది? ప్రయాణం చేయకపోతే ఇది తిరిగి వస్తుందా?

2. పన్ను, రుసుము, సర్‌ఛార్జి

పన్ను అంటే ప్రత్యక్ష ప్రతిఫలం ఆశించకుండా చట్టం ప్రకారం తప్పనిసరిగా చెల్లించేది. చట్టాధికారం లేకుండా ఏ పన్నూ విధించరాదని రాజ్యాంగం 265వ అధికరణం చెబుతుంది. రుసుము అంటే ఒక నిర్దిష్టమైన సేవకు బదులుగా చెల్లించేది. ఈ తేడాను సుప్రీంకోర్టు 1954లో శిరూరు మఠం కేసులో వివరించింది.

సర్‌ఛార్జి అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. ఆదాయపు పన్ను సందర్భంలో అది పన్నుపై విధించే అదనపు పన్ను. విమాన టికెట్‌పై "ఇంధన సర్‌ఛార్జి" అని ఉంటే అది విమాన సంస్థ తానే విధించుకున్న ధర మాత్రమే. అందులో ప్రభుత్వ ప్రమేయం లేదు. విద్యార్థులు ఎక్కువగా పొరపడేది ఇక్కడే.

3. టికెట్‌లోని అంశాలు

3.1 మూల ఛార్జీ: ఇది విమాన సంస్థ ఆదాయం. 1994లో ఎయిర్ కార్పొరేషన్ల చట్టం రద్దయి, దేశీయ విమానయానంలోకి ప్రైవేటు సంస్థలకు పూర్తిగా దారి తెరుచుకుంది. నేడు ఛార్జీలను గిరాకీని బట్టి సంస్థలే నిర్ణయించుకుంటున్నాయి.

3.2 ఇంధన సర్‌ఛార్జి: ఇదీ సంస్థకే చేరుతుంది. 2023 అక్టోబరులో ఇండిగో సంస్థ దూరాన్ని బట్టి 300 నుంచి 1,000 రూపాయల దాకా ఇంధన ఛార్జీని ప్రవేశపెట్టి, 2024 జనవరిలో ఉపసంహరించుకుంది. పెట్టడమూ తీసేయడమూ సంస్థ నిర్ణయమే. అది పన్ను కాదనడానికి ఇదే రుజువు.

3.3 జీఎస్టీ: ఎకానమీ తరగతికి 5 శాతం. పై తరగతులకు 12 శాతంగా ఉన్న రేటు 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతమైంది. ఇంధన సర్‌ఛార్జిపై కూడా జీఎస్టీ పడుతుంది. ఈశాన్య రాష్ట్రాలకు, బాగ్‌డోగ్రాకు రాకపోకలు సాగించే ఎకానమీ ప్రయాణికులకు మినహాయింపు ఉంది.

3.4 విమానయాన భద్రతా రుసుము: విమానాశ్రయాల్లో భద్రతా ఏర్పాట్ల ఖర్చు కోసం దీన్ని వసూలు చేస్తారు. 2021 ఏప్రిల్ నుంచి దేశీయ ప్రయాణికుడికి 200 రూపాయలు, అంతర్జాతీయ ప్రయాణికుడికి 12 డాలర్లుగా నిర్ణయించారు. 200 రూపాయలపై 18 శాతం జీఎస్టీ కలిపితే 236. టికెట్లపై కనిపించే అంకె ఇదే.

3.5 వినియోగదారుల అభివృద్ధి రుసుము: దీన్నే యూడీఎఫ్ అంటారు. ఇది విమానాశ్రయ నిర్వాహకుడికి చేరుతుంది. పెద్ద విమానాశ్రయాల్లో దీని రేటును 2008 నాటి చట్టం కింద ఏర్పడిన ఆర్థిక నియంత్రణ ప్రాధికార సంస్థ నిర్ణయిస్తుంది. శంషాబాద్‌లో దేశీయ ప్రయాణికుడికి 2022 ఏప్రిల్ నుంచి 480 రూపాయలుగా ఖరారుచేసి, దశలవారీగా 750కి పెరిగేలా ఆమోదించారు.

విమానాశ్రయ రుసుములు ఎంత ముఖ్యమైనవో ఒక తీర్పు చూపిస్తుంది. ఢిల్లీ, ముంబాయి విమానాశ్రయాల్లో 2009 నుంచి అభివృద్ధి రుసుము వసూలు చేశారు. ఢిల్లీలో అది దేశీయ ప్రయాణికుడికి 200, అంతర్జాతీయ ప్రయాణికుడికి 1,300 రూపాయలు. ఇది సేవకు ప్రతిఫలం కాదు, పన్ను స్వభావం గలదేనని, చట్టం నిర్దేశించిన పద్ధతిలో రేటు నిర్ణయం కాకుండా వసూలు చేయడం చెల్లదని 2011లో సుప్రీంకోర్టు తేల్చింది. పేరులో "రుసుము" అని ఉన్నంత మాత్రాన అది రుసుము కాబోదు.

3.6 ప్రాంతీయ అనుసంధాన ఛార్జి: చిన్న పట్టణాలకు విమానాలు నడిపే ఉడాన్ పథకానికి నిధి సమకూర్చడానికి 2016 డిసెంబరు నుంచి ప్రధాన మార్గాల్లోని విమానాలపై లెవీ విధించారు. సంస్థలు దాన్ని ప్రయాణికుల మీదికి బదలాయించాయి. 2017 ఏప్రిల్ 27న ఈ పథకం కింద ప్రారంభమైన తొలి మార్గాల్లో కడప-హైదరాబాద్ కూడా ఉంది. అంటే ముంబాయి వెళ్లే ప్రయాణికుడు చెల్లించిన కొద్ది మొత్తం కడప ప్రయాణికుడికి రాయితీగా మారింది. దీన్ని అర్థశాస్త్రంలో అడ్డు సబ్సిడీ అంటారు.

4. టికెట్‌పై కనిపించని పన్ను

విమాన ఇంధనం జీఎస్టీ పరిధిలో లేదు. దానిపై కేంద్రం ఎక్సైజ్ సుంకం, రాష్ట్రాలు వ్యాట్ విధిస్తాయి. 2018 అక్టోబరులో ఎక్సైజ్ సుంకాన్ని 14 నుంచి 11 శాతానికి తగ్గించారు. వ్యాట్ రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఆంధ్రప్రదేశ్ తన రేటును 16 నుంచి 1 శాతానికి తగ్గించుకుంది. తమిళనాడు 29 శాతం, ఢిల్లీ 25 శాతం వసూలు చేస్తూ వచ్చాయి.

లెక్క చూడండి. 100 రూపాయల ఇంధనంపై 11 శాతం ఎక్సైజ్ కలిపితే 111 అవుతుంది. ఆ 111పై 25 శాతం వ్యాట్ కడితే 138.75 అవుతుంది. అదే 1 శాతమైతే 112.11 మాత్రమే. సుంకం మీద కూడా పన్ను పడుతోందని గమనించారు కదా! పైగా ఈ ఎక్సైజ్‌ను, వ్యాట్‌ను సంస్థ తాను కట్టవలసిన జీఎస్టీలో మినహాయించుకోలేదు. ఆ భారం మూల ఛార్జీలో కలిసిపోతుంది. దానిపై మళ్లీ 5 శాతం జీఎస్టీ పడుతుంది. పన్నుపై పన్ను పడే ఈ స్థితినే సోపాన ప్రభావం అంటారు. అందుకే టికెట్‌పై "పన్నులు" అని చూపిన అంకె మాత్రమే మీరు మోసే పన్ను భారం కాదు.

5. భారం ఎవరిపై ఎక్కువ?

ఒక ఊహాత్మక టికెట్ తీసుకుందాం. యూడీఎఫ్‌ను 600 రూపాయలు అనుకుందాం.

మూల ఛార్జీ: 3,000
ఇంధన సర్‌ఛార్జి: 500
ప్రాంతీయ అనుసంధాన ఛార్జి: 60
పై మూడింటిపై 5 శాతం జీఎస్టీ: 178
భద్రతా రుసుము, జీఎస్టీతో: 236
యూడీఎఫ్, జీఎస్టీతో: 708
మొత్తం: 4,682

ఇందులో చివరి రెండూ కలిపి 944 రూపాయలు. ఇవి టికెట్ ధరతో సంబంధం లేని స్థిర మొత్తాలు. నెలల ముందే 2,000 రూపాయల మూల ఛార్జీకి టికెట్ కొన్న విద్యార్థికి ఈ 944 దాదాపు 47 శాతం. చివరి నిమిషంలో 10,000కు కొన్నవారికి సుమారు 9 శాతమే. జీఎస్టీ ధర పెరిగిన కొద్దీ పెరుగుతుంది, స్థిర రుసుము పెరగదు. కాబట్టి స్థిర రుసుములు చౌక టికెట్ కొనేవారిపైనే ఎక్కువ బరువు మోపుతాయి. దీన్నే తిరోగామి స్వభావం అంటాం.

6. ప్రయాణం చేయకపోతే

విభజన తెలుసుకోవడం వల్ల నేరుగా ప్రయోజనం కలిగేది ఇక్కడే. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ నిబంధనల ప్రకారం టికెట్ రద్దు చేసుకున్నా, అసలు విమానమే ఎక్కకపోయినా చట్టబద్ధ పన్నులను, విమానాశ్రయ రుసుములను సంస్థ తిరిగి ఇవ్వాలి. మూల ఛార్జీ వాపసు రాదని షరతు ఉన్న చౌక టికెట్లకూ ఇది వర్తిస్తుంది. రద్దు ఛార్జి మూల ఛార్జీ, ఇంధన సర్‌ఛార్జి కలిసిన మొత్తాన్ని మించకూడదు.

మన ఉదాహరణలో సంస్థ రద్దు ఛార్జీగా గరిష్ఠంగా 3,500 ఉంచుకోవచ్చు. ఆ రద్దు ఛార్జిపై జీఎస్టీ పడినా, 944 రూపాయలు మాత్రం ప్రయాణికుడివే. సేవ పొందనప్పుడు రుసుముకు ఆధారమే లేదు కదా!

నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లేవారు చాలామంది ఏజెంటు ద్వారా టికెట్ కొంటారు. ఏదో కారణంతో ప్రయాణం ఆగిపోతే "టికెట్ పోయింది" అని వదిలేసుకుంటారు. ఏజెంటు ద్వారా కొన్నా వాపసు బాధ్యత విమాన సంస్థదేనని నిబంధనలు చెబుతున్నాయి. విదేశీ సంస్థల విషయంలో వాటి స్వదేశ నిబంధనలను బట్టి వాపసు ఉంటుంది. కాబట్టి ఏజెంటు నుంచి ఛార్జీల విభజన ఉన్న పూర్తి టికెట్‌ను అడిగి తీసుకోవాలి. మీ ఇంట్లోనో వాడకట్టులోనో అలాంటివారుంటే ఈ మాట తప్పక చెప్పండి.

7. సారాంశం

విమాన టికెట్‌లో సంస్థ ఆదాయం, ప్రభుత్వ పన్ను, విమానాశ్రయ రుసుము కలగలిసి ఉంటాయి. ఇంధన సర్‌ఛార్జి పన్ను కాదు. ఇంధనంపై పన్ను టికెట్‌పై కనిపించకుండా మూల ఛార్జీలో దాగి ఉంటుంది. స్థిర రుసుముల బరువు చౌక టికెట్లపై ఎక్కువ. ప్రయాణం చేయనప్పుడు పన్నులు, విమానాశ్రయ రుసుములు తిరిగి పొందే హక్కు ప్రయాణికుడికి ఉంది.

8. మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఇంధన సర్‌ఛార్జిని పన్నుగా ఎందుకు పరిగణించరాదు?
2. 200 రూపాయల ఇంధనంపై 11 శాతం ఎక్సైజ్, ఆపై 29 శాతం వ్యాట్ పడితే మొత్తం ధర ఎంత?
3. విమాన ఇంధనాన్ని జీఎస్టీ పరిధిలోకి తెస్తే ప్రయాణికులకు, రాష్ట్ర ప్రభుత్వాలకు కలిగే లాభనష్టాలను చర్చించండి.
4. మీకు అందుబాటులో ఉన్న ఒక విమాన టికెట్‌ను తీసుకుని, పరిచయంలోని మూడు ప్రశ్నల ఆధారంగా దాని అంశాలను వర్గీకరించండి.