వ్యాసర్పాడి బంతాట: వింతలు, విశేషాలు

తిరుపతి నుంచి సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో మద్రాసు వచ్చేవాళ్ళు పెరంబూరు దాటగానే సామాను సర్దుకోవడం మొదలుపెడతారు. అందుకే ఆ తర్వాతి స్టేషన్‌ను ఎవరూ సరిగా చూడరు. దాని పేరు వ్యాసర్పాడి జీవా. ఈసారి సంచీ సర్దడం కాసేపు ఆపి కిటికీలోంచి చూడండి. భారతదేశంలో తనను తాను ‘చిన్న బ్రెజిల్’ అని పిలుచుకునే పేటలు కొన్నే ఉన్నాయి. ఆ పేరుకు తగ్గట్టు ఆడే పేట ఇది.

1708 నాటి ఊరు

వ్యాసర్పాడిని ఇప్పుడు ఉత్తర చెన్నైలో ఒక ఇరుకు పేట అంటున్నాం గానీ, మూడు వందల ఏళ్ళ కిందట ఇది విడిగా ఒక ఊరు. 1708లో నవాబు దావూద్ ఖాన్ ఈస్టిండియా కంపెనీకి అయిదు ఊళ్ళు ఇచ్చాడు. తిరువొత్తియూరు, నుంగంబాకం, కత్తివాక్కం, సాతాంగాడులతో పాటు వ్యాసర్పాడి కూడా ఆ అయిదింటిలో ఉంది. నుంగంబాకం నగరంలో ఖరీదైన చోటు అయింది. వ్యాసర్పాడికి రైలు పట్టాలు, మిల్లుల పొగ, కార్మికుల ఇళ్ళు దక్కాయి. పక్కనే పెరంబూరులో బకింగ్‌హాం, కర్ణాటిక్ మిల్లులుండేవి. మన దేశంలో తొలి వ్యవస్థీకృత కార్మిక సంఘంగా చెప్పుకునే మద్రాసు లేబర్ యూనియన్ 1918 ఏప్రిల్ 27న పుట్టింది ఆ మిల్లుల కార్మికుల కోసమే. తెలుగు మాట్లాడే కుటుంబాలు ఈ చుట్టుపక్కల ఎన్నో తరాలుగా ఉన్నాయి.

ఇక్కడ బంతాట ఇంతగా వేళ్ళూనడానికి ఒక కారణం ఈ ఉద్యోగాల లెక్కలోనే దొరుకుతుంది. పెరంబూరులో 1955లో మొదలైన ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీకి జట్టుంది, దక్షిణ రైల్వేకి జట్టుంది, ఇండియన్ బ్యాంకుకు జట్టుంది. బాగా ఆడిన కుర్రాడికి స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తుంది. ఇంట్లో ఒకరికి నెల జీతం స్థిరంగా రావడమంటే ఏమిటో మురికివాడలో పెరిగినవాళ్ళకు తెలుసు. సాయంత్రం వీధిలో బంతి తన్నే పిల్లవాణ్ణి తల్లి కసరదు. ఆ బంతి వెనక ఏముందో ఆమెకు తెలుసు.

బంతి, పలక ఒకే చోట

ముల్లై నగర్ మైదానం. పెద్ద స్టేడియం అనుకుని వెళ్తే నిరాశపడతారు. కానీ ఈ వ్యాసంలో నేను ఎక్కువసేపు నిలబడాలనుకునేది ఇక్కడే. తంగరాజ్, ఉమాపతి మొదలైనవాళ్ళు పేటలోని పిల్లల కోసం ఒక సంఘం పెట్టారు: స్లమ్ చిల్డ్రన్ స్పోర్ట్స్ టాలెంట్ అండ్ ఎడ్యుకేషన్ డెవలప్‌మెంట్ సొసైటీ. పేరు రైలంత పొడుగు, పని మాత్రం సూటిగా ఉంటుంది. పిల్లలకు డబ్బు తీసుకోకుండా ఆట నేర్పడం, సాయంత్రాలు చదువు చెప్పడం. ఆ పేరులో ‘ఎడ్యుకేషన్’ అనే మాట ఊరికే రాలేదు. మందు, గొడవలు, బడి మానేసి కూలికి పోవడం, ఇవన్నీ నాలుగడుగుల దూరంలో ఉన్న చోట పిల్లవాణ్ణి రోజుకు రెండు గంటలు మైదానంలో నిలబెట్టడమే పెద్ద గెలుపు. ఏ కప్పూ దానికి సాటిరాదని నా నమ్మకం.

అయినా కప్పులూ వచ్చాయి. వ్యాసర్పాడిలో పెరిగిన ధనపాల్ గణేష్ చెన్నైయిన్ ఎఫ్‌సీకి మిడ్‌ఫీల్డర్‌గా ఆడాడు. 2018 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ సెమీఫైనల్ రెండో మ్యాచ్ చెన్నైలో జరిగింది. గోవా మీద 3-0తో గెలిచిన ఆ మ్యాచ్‌లో ఒక గోల్ అతనిది. సొంత ఊళ్ళో, సొంతవాళ్ళ ముందు! నాలుగు రోజుల తర్వాత మార్చి 17న బెంగళూరులో బెంగళూరు జట్టునే 3-2తో ఓడించి చెన్నైయిన్ రెండోసారి లీగ్ విజేత అయింది.

ఇంకో చెన్నై కుర్రాడు నందకుమార్ శేఖర్. 2023 ఆగస్టు 12, కలకత్తా సాల్ట్‌లేక్ స్టేడియం, డ్యూరాండ్ కప్. మోహన్ బగాన్ మీద ఈస్ట్ బెంగాల్ గెలిచి అప్పటికి నాలుగున్నరేళ్ళు. మ్యాచ్‌లో పడిన ఒకే ఒక్క గోల్ ఈస్ట్ బెంగాల్ తరఫున నందకుమార్ కొట్టాడు. బెంగాల్లో సగం జనం నాలుగున్నరేళ్ళుగా ఎదురుచూసిన గోల్ అది.

ఒక్క పాయింటు

1946లో మద్రాసులో నేతాజీ స్పోర్ట్స్ క్లబ్ అని ఒకటి మొదలైంది. అదే తర్వాత చెన్నై సిటీ ఎఫ్‌సీ అయింది. 2018-19 ఐ-లీగ్‌లో ఈస్ట్ బెంగాల్‌కు 42 పాయింట్లు, చెన్నై సిటీకి 43. చివరి రోజు, 2019 మార్చి 9న, కోయంబత్తూరులో మినర్వా పంజాబ్‌ను 3-1తో ఓడించి ఐ-లీగ్ గెలిచిన తొలి తమిళనాడు జట్టుగా నిలిచింది. ఆ సీజన్లో పెద్రో మాన్జీ ఒక్కడే 21 గోల్స్ కొట్టాడు. 2020-21 తర్వాత ఆ పేరు ఐ-లీగ్‌లో మళ్ళీ కనబడలేదు. ఇంత దూరం నడిచిన క్లబ్ అలా ఆగిపోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

హైదరాబాదు గోలీ, మద్రాసు జట్టు

మన తెలుగునేలకూ మద్రాసు పేరుకూ బంతాటలో పాత చుట్టరికం ఉంది. హైదరాబాదులో పుట్టిన పీటర్ తంగరాజ్ సైన్యంలో చేరి మద్రాస్ రెజిమెంటల్ సెంటర్‌కు ఆడాడు. ఆ జట్టు 1955లో, 1958లో డ్యూరాండ్ కప్ గెలిచింది. మొదట సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడినవాడు గోలీగా మారి, 1958లో ఆసియాలోనే మేటి గోల్‌కీపర్ అనిపించుకున్నాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన జట్టులోనూ ఉన్నాడు. ఆ జట్టు కోచ్ హైదరాబాదీ రహీం సాబ్.

క్యారమ్ కూడా

వ్యాసర్పాడి అంటే బంతి ఒక్కటే కాదు. 2008లో క్యారమ్ ప్రపంచ ఛాంపియన్ అయిన ఇళవళగి ఈ పేట అమ్మాయి. రిక్షా లాగే తండ్రి కూతురు.

ఊరి క్లబ్బులకు పెద్దన్న, చిన్నతమ్ముడు

ఇలాంటి పేట ఆటకు దూరదేశాల్లోనూ బంధువులున్నారు. ప్రపంచంలో అన్నిటికన్నా పాత ఫుట్‌బాల్ క్లబ్ ఇంగ్లండులోని షెఫీల్డ్ ఎఫ్‌సీ, 1857లో పుట్టింది. ఇప్పటికీ పెద్ద లీగుల దాకా రాలేదు, కింది లీగుల్లోనే ఆడుతోంది. అయినా 2004లో ఫిఫా తన ఆర్డర్ ఆఫ్ మెరిట్ ఇచ్చింది రెండే క్లబ్బులకు: ఒకటి రియల్ మాడ్రిడ్, రెండోది షెఫీల్డ్. 2011లో ఈ క్లబ్ తన తొలి నియమావళి రాతప్రతితో సహా పాత కాగితాలను వేలం వేస్తే 8,81,250 పౌండ్లు పలికాయి.

చిన్నతమ్ముడు సిల్లీ దీవుల్లో ఉన్నాడు. ఇంగ్లండు నైరుతి కొసన ఉన్న ఆ దీవుల్లో ప్రపంచంలోనే అతి చిన్న లీగ్ నడుస్తుంది. జట్లు రెండే: గారిసన్ గన్నర్స్, వూల్‌ప్యాక్ వాండరర్స్. లీగ్‌లోనూ వాళ్ళే, కప్పుల్లోనూ వాళ్ళే, ఒకే మైదానంలో ఆదివారాలు. సీజన్ మొదట్లో ఇద్దరు కెప్టెన్లు కూర్చుని ఉన్న ఆటగాళ్ళను పంచుకుంటారు. పోయినేడు ప్రత్యర్థిగా ఉన్నవాడు ఈ ఏడు తనవాడు. ముల్లై నగర్‌లో రోజూ సాయంత్రం బడి సంచీలు గోడ పక్కన పడేసి పిల్లలు చేసేదీ అదే. పెద్దవాళ్ళిద్దరు ముందుకొచ్చి, నువ్వు నాకు, వాడు నీకు అని కోరుకుంటారు. అందరికన్నా చిన్నవాడు చివరిదాకా మిగులుతాడు. వాణ్ణి ఏదో ఒక జట్టు గోలీగా నిలబెడుతుంది, బంతి లేస్తుంది.